వెన్ను లాగే యంత్రం, వెనక్కి వెళ్ళని డిస్కు

కృష్ణా డెల్టా దిగువ భాగంలో, అంటే మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో, నడుమునొప్పిని గురించి స్థిరపడిపోయిన అభిప్రాయం ఒకటి ఉంది. నడుములో మొదలై పిరుదు మీదుగా పిక్క దాకా లాగే నొప్పికి కారణం వెన్నుపూసల మధ్య డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కడమేననీ, ఆ ఉబ్బు ఎంఆర్‌ఐ ఫిల్ములో కనిపించిన తరువాత ఇక సందేహానికి తావు లేదనీ, దానికి ఆపరేషన్ ఒక దారి అయితే, రోగిని బల్ల మీద పడుకోబెట్టి నడుముకు పట్టీలు బిగించి కంప్యూటరు లెక్క ప్రకారం వెన్నును సాగదీసే 'స్పైనల్ డీకంప్రెషన్' అనే యంత్ర చికిత్స కత్తిగాటు లేని మరో దారి అనీ చాలామంది నమ్ముతున్నారు. విజయవాడ, గుంటూరు వంటి నగరాల్లో ఈ చికిత్సకు జరుగుతున్న ప్రచారమంతా ఈ నమ్మకం మీదనే నిలబడి ఉంది. ఇరవై సిట్టింగుల ప్యాకేజీ, డిస్కులో శూన్యపీడనం, ఉబ్బు లోపలికి లాక్కుపోవడం, ఆపరేషన్ తప్పిపోవడం అనేవి ఆ ప్రచారంలో వరుసగా వినవచ్చే మాటలు. ప్రతివాదికి న్యాయం జరగాలంటే ముందు పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో నిలబెట్టాలన్నది మన తార్కికుల పాత మర్యాద గనుక, ఈ వాదం తెలివితక్కువది కాదని మొదటే ఒప్పుకోవాలి. ఒత్తిడి వల్ల ఉబ్బినది ఒత్తిడి తీసేస్తే తగ్గుతుందన్న ఊహ సహజమైనదే. అయితే ఊహ సహజమైనంత మాత్రాన శరీరం దాని ప్రకారం నడుచుకోదు. ఈ ఊహలోని రెండు మెట్లు, అంటే ఉబ్బే రోగమన్న మెట్టు, లాగితే ఉబ్బు పోతుందన్న మెట్టు, రెండూ పరీక్షకు నిలవలేదు.

ముందు డిస్కు స్వరూపం తెలియాలి. వెన్నెముకలో ఒక పూసకూ మరో పూసకూ నడుమ ఉండే మెత్తని బిళ్ళను డిస్కు అంటారు. దాని లోపల నీటిశాతం ఎక్కువగా ఉన్న గుజ్జు, చుట్టూ పొరలు పొరలుగా అల్లుకున్న గట్టి పీచు వలయం ఉంటాయి. ఈ వలయం పైపూసకూ కింది పూసకూ గట్టిగా అతుక్కొని ఉంటుంది గనుక, జనం చెప్పుకునేట్టు డిస్కు మొత్తంగా తన చోటు నుంచి జారిపోవడమన్నది జరగదు. వయసుతో గుజ్జులో నీరు తగ్గి, బిళ్ళ ఎత్తు కొంచెం తరిగి, వలయం చుట్టూతా అంచులు దాటి కొద్దిగా వెలికి వస్తే దానిని బల్జ్, అంటే ఉబ్బు అంటారు. వలయంలో ఒక చోట బలహీనత ఏర్పడి అక్కడే బయటికి పొడుచుకొస్తే ప్రొట్రూజన్ అనీ, వలయం చిట్లి గుజ్జు బయటపడితే ఎక్స్‌ట్రూజన్ అనీ, బయటపడిన ముక్క విడిపోయి వేరుగా నిలిచిపోతే సీక్వెస్ట్రేషన్ అనీ అంటారు. నడుము భాగంలో నాలుగో, అయిదో పూసల మధ్య ఉండేది ఎల్4-ఎల్5, అయిదో పూసకూ త్రికాస్థికీ మధ్య ఉండేది ఎల్5-ఎస్1. ఎక్కువ బరువు మోసేవి, ఎక్కువగా అరిగేవి ఈ రెండే. చిట్లిన డిస్కు నరాల మొదలును నొక్కి కాలినొప్పి కలిగించగలదని 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ ప్రకటించినప్పటి నుంచి వైద్యలోకం డిస్కు మీదనే దృష్టి నిలిపింది. ఆ ప్రకటన నిజమే. కానీ వారు చూపినది ఆపరేషన్ బల్ల మీద కనిపించిన చిట్లిన డిస్కులను. నేడు ప్రతి రిపోర్టులోనూ కనిపించే మామూలు ఉబ్బుకు వారి మాటను అంటగట్టడం తరువాతి కాలంలో జరిగిన పని.

ఉబ్బు రోగమైతే, ఉబ్బు ఉన్నవాళ్ళకు నొప్పి ఉండాలి, లేనివాళ్ళకు ఉండకూడదు. ఈ చిన్న ప్రశ్నను సూటిగా అడిగిన పరిశోధన 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. నడుమునొప్పి అసలే లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీసి, నొప్పి ఎవరికి ఉందో ఎవరికి లేదో తెలియని నిపుణుల చేత చదివిస్తే, అందులో 52 శాతం మందికి కనీసం ఒక చోటయినా డిస్కు ఉబ్బి ఉంది, 27 శాతం మందికి పొడుచుకొచ్చి ఉంది; అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవారు 36 శాతమే. 2015లో ఇటువంటి 33 పరిశోధనలను, అంటే నొప్పి లేని 3,110 మంది ఫిల్ములను, ఒకచోట చేర్చి చూసినప్పుడు ఇరవయ్యో ఏట ఉన్నవారిలో 30 శాతానికి, ఎనభయ్యో ఏట ఉన్నవారిలో 84 శాతానికి ఉబ్బు కనిపించింది. ఈ అంకెలను దివిసీమ నేల మీద పరచి చూస్తే వాటి అర్థం బోధపడుతుంది. ఉపాధ్యాయ నియామక పరీక్షల శిక్షణకు పేరుపడిన అవనిగడ్డకు రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చి, పొద్దస్తమానం బల్లల ముందు కూర్చొని చదివే ఇరవై, పాతికేళ్ళ యువతీయువకులందరికీ ఒక పూట ఎంఆర్‌ఐ తీయగలిగితే, నొప్పంటే ఏమిటో ఎరగని వారిలోనే పదిమందికి ముగ్గురి చొప్పున 'డిస్కు బల్జ్' అన్న రిపోర్టుతో బయటికి వస్తారు. వారిలో ఒకరికి పరీక్షల ఒత్తిడిలో నడుము పట్టేసిందనుకుంటే, ఆ నొప్పి ఆ ఉబ్బు వల్లనే వచ్చిందని చెప్పడానికి ఫిల్ములో ఆధారం ఉండదు, ఎందుకంటే నొప్పి రాకముందు కూడా ఆ ఉబ్బు అక్కడే ఉండి ఉండవచ్చు.

దీనికి డీకంప్రెషన్ పక్షం ఇచ్చే జవాబు ఒకటుంది: నొప్పి లేనివారి సంగతి అనవసరమనీ, కాలి నొప్పితో నడవలేక వచ్చినవాడి ఫిల్ములో డిస్కు నరాన్ని తాకుతూ కనబడితే ఆ సంబంధాన్ని కాదనడం మొండితనమనీ వారంటారు. నరం నొక్కుడు పడే సయాటికా, అంటే మన ఆయుర్వేద గ్రంథాలు వాతవ్యాధుల్లో గృధ్రసి పేరుతో చెప్పిన కాలినొప్పి, నిజమైన వ్యాధే. దానిని ఈ వ్యాసం కాదనడం లేదు. కానీ అక్కడ కూడా ఫిల్ముకూ బాధకూ పొంతన కుదరదని 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపారు. డిస్కు చిట్లి సయాటికాతో బాధపడిన 267 మందికి ఏడాది తరువాత మళ్ళీ ఎంఆర్‌ఐ తీస్తే, బాగా కోలుకున్నవారిలో 35 శాతానికీ, కోలుకోనివారిలో 33 శాతానికీ డిస్కు ఇంకా పొడుచుకొనే కనిపించింది. అంటే రెండో ఫిల్మును చేతికిచ్చి, ఈ మనిషికి నొప్పి పోయిందా ఉందా చెప్పమంటే, నిపుణుడు కూడా బొమ్మాబొరుసూ వేసుకోవలసినదే. నరానికి బాధ కలిగించేది నొక్కుడు ఒక్కటే కాదనీ, బయటపడిన గుజ్జు రేపే వాపూ, ఆ వాపులోని రసాయనాలూ అందులో పెద్ద పాలు పంచుకుంటాయనీ, వాపు చల్లారితే ఆకారం మారకుండానే నొప్పి పోవచ్చుననీ ఇప్పుడు వైద్యులకు తెలుసు. ఆకారాన్ని సరిచేయడమే చికిత్స అని నమ్మి ఆకారం కోసం యంత్రం కొన్నవారికి ఈ సంగతి రుచించదు, అంతే.

ఇక రెండో మెట్టు, లాగడం. ఇది కొత్తదేమీ కాదు. వెన్నును సాగదీసే బల్లలనూ, రోగిని నిచ్చెనకు కట్టి ఊపే పద్ధతినీ గ్రీకు వైద్యుడు హిప్పొక్రేట్స్ పేర వచ్చిన గ్రంథాలు రెండువేల మూడువందల ఏళ్ళ నాడే వర్ణించాయి. ఇరవయ్యో శతాబ్ది నడుమ లండన్‌లో జేమ్స్ సిరియాక్స్ అనే వైద్యుడు డిస్కు నొప్పికి ట్రాక్షన్‌ను బలంగా సమర్థించాక అది ప్రపంచమంతా వ్యాపించింది. మంచానికి కప్పీ బిగించి, నడుముకు పట్టీ కట్టి, ఇటుకలో ఇసుకసంచులో వేలాడదీసి రోగిని వారాల తరబడి పడుకోబెట్టే ఆ 'బరువులు కట్టడం' ఆంధ్రదేశపు ఆసుపత్రుల్లోనూ ఒక తరం వారికి బాగా గుర్తున్న దృశ్యమే. 1990ల్లో వచ్చిన వ్యాక్స్-డి అనే బల్ల, దాని వెనుక వచ్చిన మరికొన్ని యంత్రాలు, ఇది ట్రాక్షన్ కాదు, డీకంప్రెషన్ అనే వాదాన్ని ముందుకు తెచ్చాయి. మామూలుగా లాగితే కండరాలు బిగుసుకొని ఎదురు లాగుతాయనీ, కంప్యూటరు మెల్లగా లాగి వదిలి మళ్ళీ లాగుతూ ఆ బిగువును ఏమారుస్తుందనీ, అప్పుడు డిస్కు లోపల పీడనం సున్నాకన్నా కిందికి పడి, ఉబ్బిన భాగం లోపలికి పీల్చుకుపోతుందనీ ఆ వాదం. దీనికి మూలాధారం 1994లో జర్నల్ ఆఫ్ న్యూరోసర్జరీలో అచ్చయిన ఒక కొలత: బోర్లా పడుకోబెట్టిన కొద్దిమంది రోగుల ఎల్4-ఎల్5 డిస్కులోకి సూది దించి, యంత్రం గట్టిగా లాగుతున్న సమయంలో పీడనం మైనస్ 100 మిల్లీమీటర్ల పాదరసం కన్నా తగ్గిందని చూపారు. కొలత నిజమే అనుకుందాం. అది చూపినది యంత్రం లాగుతుండగా డిస్కులో ఏం జరిగిందన్న ఒక్క విషయాన్నే. రోగి బల్ల దిగి నిలబడ్డాక ఏం మిగిలిందో, ఉబ్బు తగ్గిందో లేదో, నొప్పి పోయిందో లేదో ఆ కొలత చెప్పదు, చెప్పలేదు కూడా.

ఒత్తిడి తీసేస్తే డిస్కు బాగుపడుతుందన్నదే నిజమైతే, మానవులకు దొరికిన అన్నిటికన్నా పెద్ద డీకంప్రెషన్ బల్ల అంతరిక్షం. అక్కడ నెలల తరబడి భారమే ఉండదు. వెన్నెముక సాగి, వ్యోమగాములు అయిదు సెంటీమీటర్ల దాకా పొడుగు పెరుగుతారు. ఫలితం మాత్రం ఆ వాదం ఆశించిన దానికి సరిగ్గా తలకిందులు: వారిలో సగానికి పైగా అక్కడ ఉండగానే నడుమునొప్పితో బాధపడతారు, భూమికి దిగాక డిస్కు చిట్లే ప్రమాదం వారికి ఇతరులకన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువని 2010లో నాసా వైద్యులు లెక్కగట్టారు. అంత దూరం పోనక్కరలేదు, ప్రతి మనిషీ రాత్రి పడుకున్నప్పుడు డిస్కుల మీద భారం తగ్గి, అవి నీరు పీల్చుకొని, తెల్లవారేసరికి ఒక సెంటీమీటరు పైన పొడుగవుతాడు. మధ్యాహ్నానికల్లా ఆ పొడుగు చాలావరకు కరిగిపోతుంది. రోజూ ఏడెనిమిది గంటలు ఉచితంగా దొరికే ఈ సడలింపు చేయలేని మరమ్మతును అరగంట యంత్రం చేస్తుందనడానికి గట్టి సాక్ష్యం కావాలి.

అటువంటి సాక్ష్యం కోసం వెతకలేదని ఎవరూ అనలేరు. వైద్యంలో ఒక చికిత్స పనిచేస్తుందో లేదో తేల్చే పద్ధతి, రోగులను లాటరీ పద్ధతిన రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టుకు అసలు చికిత్స, మరో జట్టుకు చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి చికిత్స ఇచ్చి, ఎవరికి ఏది అందిందో రోగికీ కొలిచేవారికీ తెలియకుండా ఫలితాలను పోల్చడం. నెదర్లాండ్స్‌లోనే 151 మంది మీద జరిపిన ఇటువంటి పరీక్ష 1995లో లాన్సెట్‌లో వచ్చింది. ఒక జట్టును శరీర బరువులో 35 నుంచి 50 శాతం బలంతో, రెండో జట్టును 20 శాతం మించకుండా పేరుకు మాత్రమే లాగారు. రెండు జట్లకూ తేడా కనబడలేదు. 2013లో కాక్రేన్ సంస్థ, అంటే ప్రపంచవ్యాప్తంగా వైద్యపరీక్షలను వడగట్టి సమీక్షించే స్వతంత్ర సంస్థ, అప్పటి దాకా జరిగిన 32 పరీక్షలను, మొత్తం 2,762 మంది రోగులను పరిశీలించి, సయాటికా ఉన్నా లేకపోయినా ట్రాక్షన్ వల్ల నొప్పిలోనూ, పనిచేసుకునే శక్తిలోనూ, తిరిగి పనిలోకి వెళ్ళడంలోనూ చెప్పుకోదగిన మార్పు లేదని తేల్చింది.

ఇది పాత ట్రాక్షన్ సంగతి, మాది కంప్యూటరు డీకంప్రెషన్ అన్నది దీనికి వచ్చే మొదటి ఎదురుమాట. ఆ మాటకు కూడా జవాబు 2009లోనే యూరోపియన్ స్పైన్ జర్నల్‌లో అచ్చయింది. అటువంటి కంప్యూటరు డీకంప్రెషన్ యంత్రం ఒకదాని మీదనే 60 మంది రోగులను రెండు జట్లుగా పడుకోబెట్టి, ఒక జట్టును నిజంగా లాగి, మరో జట్టును లాగినట్టు నటించి, ఇద్దరికీ క్రమంగా పెంచే వ్యాయామం మాత్రం సమానంగా ఇచ్చారు. రెండు జట్లకూ నొప్పి తగ్గింది, రెండు జట్లకూ ఇంచుమించు ఒకేలా తగ్గింది. ఈ ఫలితాన్ని డీకంప్రెషన్ పక్షం చదవవలసిన తీరు ఒక్కటే: యంత్రం తగ్గించింది అనుకున్నదాన్ని యంత్రం నటించినా తగ్గించింది. ఇంకొందరు, అందరికీ కాకపోయినా నరం స్పష్టంగా నొక్కుడు పడిన ఒక ప్రత్యేక వర్గానికి లాగడం పనిచేస్తుందని, 2007లో వచ్చిన ఒక చిన్న పరిశోధన ఆధారంగా వాదిస్తారు. ఆ పరిశోధన చేసిన బృందమే తరువాత ఆ వర్గాన్నే ప్రత్యేకంగా ఏరి, 120 మంది మీద పెద్ద పరీక్ష జరిపి, లాగడం అదనంగా ఇచ్చినందువల్ల ప్రయోజనం లేదని 2016లో ప్రకటించింది. తమ మొదటి మాటను తామే పరీక్షించి వెనక్కి తీసుకున్న ఆ పరిశోధకుల నిజాయితీకి, వారి మొదటి పరిశోధనను మాత్రమే ఇప్పటికీ ఉటంకించే ప్రచారానికి ఎంత దూరమో పాఠకులే చూడవచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం ఉందన్న మాట సంగతి క్లుప్తంగా: ఇటువంటి బల్లలకు అక్కడ లభించేది ముందే మార్కెట్లో ఉన్న ట్రాక్షన్ పరికరం వంటిదేనన్న అనుమతి మాత్రమే, రోగం నయం చేస్తుందన్న యోగ్యతాపత్రం కాదు, అదే దేశంలో వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ 1990ల నుంచే వ్యాక్స్-డికి డబ్బు చెల్లించడం లేదు. ఇది కొత్త చికిత్స, ట్రాక్షన్ కాదని రోగికి చెప్పే నోరే, ఇది పాత ట్రాక్షన్ వంటిదేనని అధికారులకు చెప్పి అనుమతి పొందడం గమనార్హం.

ఇన్ని పరీక్షలు ఒక ఎత్తు, బల్ల మీది నుంచి లేచి నడిచిన మేనమామో పక్కింటివాడో చెప్పిన మాట ఒక ఎత్తు. దిగువ కృష్ణలో ఈ చికిత్సకు నిజమైన బలం ఆ మాటలోనే ఉంది గనుక దానిని తేలికగా దాటవేయడం సరికాదు. తాటిచెట్టు మీద కాకి వాలిన క్షణాన పండు రాలితే, కాకి వాలినందుకే పండు రాలిందనుకోవడాన్ని మనవాళ్ళు కాకతాళీయమన్నారు. పండు ముగ్గి ఉన్న సంగతిని చూడకపోవడమే అక్కడి పొరపాటు. డిస్కు సయాటికా చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో దానంతటదే బాగా తగ్గుముఖం పడుతుంది. ప్యాకేజీలో ఇరవై సిట్టింగులు నాలుగు నుంచి ఆరు వారాలు పడతాయి. నొప్పి భరించలేని స్థాయికి వచ్చాకనే మనిషి వైద్యం కోసం బయలుదేరుతాడు, అంటే శిఖరం నుంచి దిగే దశలోనే బల్ల ఎక్కుతాడు. దిగేసరికి నొప్పి తగ్గి ఉండకపోతేనే ఆశ్చర్యపడాలి. నడుము పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి చేత తన్నించుకుంటే పోతుందన్న నమ్మకం పల్లెల్లో ఇన్ని తరాలు బతికింది కూడా ఈ కారణం చేతనే, తన్నులు తిన్నవారిలోనూ చాలామందికి తగ్గింది గనుకనే. యంత్రానికీ ఆ తన్నుకూ సాక్ష్యంలో తేడా లేదు, రుసుములోనే ఉంది. చివరికి ఎంఆర్‌ఐలో డిస్కు వెనక్కి వెళ్ళినట్టు చూపే ముందువెనుకల ఫిల్ములు కూడా ఇదే కోవకు చెందినవి: చిట్లి బయటపడిన గుజ్జును శరీరంలోని రక్షక కణాలు పరాయి వస్తువుగా గుర్తించి మెల్లగా హరిస్తాయి, అందుచేత విడిపోయిన ముక్కల్లో 96 శాతం, చిట్లినవాటిలో 70 శాతం ఏ యంత్రమూ లేకుండానే కుంచించుకుపోయినట్టు 2015 నాటి ఒక సమీక్ష చూపింది, మామూలు ఉబ్బుల్లో ఇలా తగ్గేవి 13 శాతమే. విచిత్రమేమంటే, యంత్రం తగ్గిస్తుందని అమ్మేది ఏ ఉబ్బునో ఆ ఉబ్బే అన్నిటికన్నా తక్కువగా తగ్గుతుంది, అయినా ఆ ఉబ్బున్నవారి నొప్పి మాత్రం తగ్గుతుంది.

ఆపరేషన్ తప్పిందన్న సంతోషాన్నీ ఇదే తూకంలో వేయాలి. తీవ్రమైన సయాటికాతో ఆపరేషన్‌కు అర్హులైన 283 మందిని వెంటనే ఆపరేషన్, వేచిచూడటం అనే రెండు జట్లుగా విడదీసిన డచ్ పరీక్ష 2007లో వచ్చింది. వెంటనే ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి త్వరగా తగ్గింది, అది ఒప్పుకోవలసిన మేలు. కానీ ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. వేచిచూసిన జట్టులో చివరికి ఆపరేషన్ అవసరమైనవారు 39 శాతం, అంటే 61 శాతానికి ఏ బల్లా ఎక్కకుండానే ఆపరేషన్ తప్పింది. ఆ 61 శాతాన్ని బల్ల మీద పడుకోబెట్టి ఉంటే అందరి పేర్లూ యంత్రం ఖాతాలోకి చేరేవి.

ఇక మిగిలింది, పోనీ నష్టమైనా లేదు కదా అన్న సమాధానం. నగరంలో కారున్న రోగి విషయంలో ఆ మాట కొంతవరకు చెల్లవచ్చు, అయినా అరుదుగా ప్రమాదాలు లేకపోలేదు: వ్యాక్స్-డి చికిత్స సాగుతుండగానే డిస్కు ఉన్నట్టుండి మరింత బయటికి వచ్చిన ఒక రోగి ఉదంతాన్ని 2003లో మాయో క్లినిక్ వైద్యులు ప్రచురించారు. దివిసీమ మనిషికి లెక్క వేరు. రైలు లేని అవనిగడ్డ నుంచి విజయవాడకు అరవై కిలోమీటర్లకు పైబడిన దారి. నాగాయలంక, కోడూరు వారికి ఇంకా దూరం. డిస్కు మీద పీడనం పడుకున్నప్పుడు అతి తక్కువగానూ, ముందుకు వంగి కూర్చున్నప్పుడు ఎక్కువగానూ ఉంటుందని 1960ల్లోనే స్వీడన్ వైద్యుడు నాచెమ్‌సన్ కొలిచి చూపాడు. అరగంట సడలింపు కోసం పోనూరానూ నాలుగైదు గంటలు బస్సులో వంగి కూర్చొని కుదుపులు తినే రోగి విషయంలో, డీకంప్రెషన్ పక్షం తన సిద్ధాంతాన్ని తానే నమ్మితే ఈ ప్రయాణాన్ని నిషేధించాలి. దానికి తోడు ఇరవై రోజుల కూలి. ఆషాఢ శ్రావణాల్లో నాట్లు, తరువాత కోతలు, వరి కోయకముందే చేలో చల్లే మినుము, ఏడాది పొడుగునా రొయ్యల చెరువుల మేత పని, గుడివాడ మిల్లుల దగ్గర 75 కిలోల ధాన్యపు బస్తాల ఎగుమతి దిగుమతులు, ఇవేవీ ప్యాకేజీ ముగిసేదాకా ఆగవు. నాట్ల కాలంలో ఇరవై రోజులు పోగొట్టుకున్న కూలీ స్త్రీకి ఆ ఏటి సంపాదనలో పెద్ద భాగమే పోతుంది. డ్వాక్రా అప్పు తీసుకొని ప్యాకేజీ కట్టడం నష్టం కాదనేవారికి నష్టమంటే ఏమిటో వేరే చెప్పవలసి ఉంటుంది.

అయినా డబ్బుకన్నా, కూలికన్నా పెద్ద నష్టం ఒకటుంది, అది ఫిల్ము రేపే భయం. డిస్కు ఉబ్బింది, ఇక వంగవద్దు, బరువెత్తవద్దు, నేల మీద కూర్చోవద్దు అన్న మాటలు బల్ల అమ్మకానికి అవసరమైన పూర్వరంగం. వెన్ను పెళుసైనదని నమ్మితేనే దానిని యంత్రానికి అప్పగించడం సాగుతుంది. నాటు వేసే స్త్రీకీ, పెడనలో గుంటమగ్గం మీద కూర్చొనే నేతకారుడికీ, మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే పనివాడికీ వంగవద్దనడం బతకవద్దనడమే. ఈ భయం ఊహాజనితం కాదని పొరుగు రాష్ట్రంలోనే రుజువైంది. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి వైద్యులు 2021లో ప్రచురించిన పరిశోధనలో, నడుమునొప్పి ఉన్న 44 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఎంఆర్‌ఐ రిపోర్టులోని మాటలను ఉన్నవున్నట్టు వివరించారు, మరో జట్టుకు ఇవి వయసుతో వచ్చే మామూలు మార్పులేనని ధైర్యం చెప్పారు. ఇద్దరికీ చికిత్స ఒకటే అయినా, రిపోర్టు వివరంగా విన్నవారికి వెన్ను గురించి భయం పెరిగి, నొప్పీ పనిచేసుకునే శక్తీ రెండో జట్టుకన్నా అధ్వాన్నంగా మిగిలాయి. ఒకే చికిత్సలో మాట మార్చితేనే ఫలితం మారినప్పుడు, ఫిల్మును గోడకు తగిలించి చూపి భయపెట్టి మొదలుపెట్టే చికిత్సను నిరపాయమనడం కుదరదు.

లాగడాన్ని కాదన్నంత మాత్రాన నొప్పితో ఉన్నవారిని ఇంటికి పంపమని అర్థం కాదు. బ్రిటన్ వైద్యప్రమాణాల సంస్థ నైస్ 2016లోనే నడుమునొప్పికీ సయాటికాకూ ట్రాక్షన్ ఇవ్వవద్దని సూచించింది. దీర్ఘకాలపు నడుమునొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన తొలి మార్గదర్శకాలు కూడా ట్రాక్షన్‌నూ నడుము బెల్టులనూ అల్ట్రాసౌండ్ వేడినీ కాదని, రోగికి వ్యాధి స్వభావాన్ని విడమరచి చెప్పడాన్నీ, వ్యాయామాన్నీ సిఫారసు చేశాయి. మంచం పట్టి పడుకోవడం కన్నా చేయగలిగినంత మామూలు పని చేసుకుంటూ ఉండటమే మేలని 1995లో హెల్సింకిలో జరిగిన పరీక్ష తేల్చింది. వీటిలో దేనికీ విద్యుత్తు బల్ల అక్కరలేదు. కావలసినది మండల ఆసుపత్రిలో రోగి పనిని అడిగి తెలుసుకొని, నాట్ల మధ్య ఎప్పుడు లేచి నిలబడాలో, బస్తాను ఒంటికి దగ్గరగా ఎలా ఎత్తుకోవాలో, ఏ కసరత్తుతో మొదలుపెట్టి వారం వారం ఎంత పెంచాలో ఓపికగా నేర్పే ఫిజియోథెరపిస్టు. ఈ పని తెలిసినవారు యంత్రాలున్న కేంద్రాల్లోనూ ఉన్నారు. 2009 పరీక్షలో రెండు జట్లకూ సమానంగా అందినది సరిగ్గా వారి పనే. అయితే బల్లకు వాయిదాలు కట్టాలి, కసరత్తుకు బిల్లు వేయడం కష్టం, అందువల్ల మేలు చేసిన చేయి వెనక్కి పోయి, పక్కన నిలబడ్డ యంత్రం ముందుకు వస్తోంది.

యంత్రానికీ కసరత్తుకూ కూడా లొంగని, ఒక్క రోజు కూడా ఆగకూడని స్థితి ఒకటుంది. వెన్నుపాము కొస నుంచి కిందికి దిగే నరాల కట్ట మొత్తంగా నొక్కుడు పడితే, మూత్రం బిగబట్టుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం అదుపు తప్పడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు తిమ్మిరెక్కడం, రెండు కాళ్ళూ బలహీనపడటం జరుగుతాయి. పాదం పైకి లేవకుండా వేలాడిపోవడం కూడా త్వరగా వైద్యుడు చూడవలసిన సూచనే. నరాల కట్ట నొక్కుకుపోయినవారికి గంటల్లో ఆపరేషన్ జరగాలి, ఆలస్యమైతే పోయిన అదుపు తిరిగి రాకపోవచ్చు. ప్యాకేజీలో పదకొండో సిట్టింగుకు వచ్చిన మనిషి మూత్రం సరిగా రావడం లేదని చెబితే, మిగిలిన తొమ్మిదీ పూర్తయ్యాక చూద్దామనే కేంద్రం చేతిలో ఆ మనిషికి జరిగేది చిన్న నష్టం కాదు. ఆ లక్షణాలను మొదటి రోజే అడిగి, రోగికి తెలుగులో కాగితం మీద రాసి ఇవ్వడాన్ని ప్రతి కేంద్రానికీ తప్పనిసరి చేయడం జిల్లా ఆరోగ్యాధికారులకు పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు.